నేను దాచిన కంటి చుక్కల సీసా

మా ఊళ్ళో ఎవరినడిగినా ఒకటే చెబుతారు. వదిన కంట్లో చనుబాలు పోసిందని, అందుకే సువార్త కన్ను పోయిందని. ఆ సువార్తను నేనే. నా ఎడమ కన్ను పోయిన మాట నిజం. మిగతాది నిజం కాదు. కాదని అందరికంటే ముందు తెలిసినదాన్ని నేనే. అందరికంటే ఆలస్యంగా చెప్పినదాన్నీ నేనే.

ఇప్పుడు నొప్పి లేదు. కుడి కంటితో చదవగలను, రాయగలను, చూసుకుని రోడ్డు దాటగలను. వెల్డింగ్ నేర్చుకుంటున్నవాళ్ళు ఎవరైనా చదివి జాగ్రత్త పడతారని కొంత, రాస్తే నా మనసు కుదుటపడుతుందని కొంత, ఇది రాస్తున్నాను. మొదటిది జరిగితే చాలు.

మే, జూన్

మాది నౌపడ దగ్గర పల్లె. నాన్న నా చిన్నప్పుడే చనిపోయాడు. అమ్మ ఉప్పుమళ్ళలో పని చేస్తుంది. అన్న దాసు ట్రాక్టరు తోలతాడు. రెండేళ్ళ కిందట భావనపాడు నుంచి నూకాలును ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళది చేపల వ్యాపారం చేసే ఇల్లు. మా చర్చిలో బాప్తిస్మం తీసుకున్నప్పుడు వదినకు కరుణ అని పేరు పెట్టారు గానీ అమ్మ నోట ఆ పేరు ఒక్కసారి కూడా రాలేదు. "ఒసే నూకాలూ" అనే పిలిచేది. నేను పనిలో చేరడానికి ముందు నెల, ఏప్రిల్లో, వదినకు ఆడపిల్ల పుట్టింది.

నేను ఐటీఐలో వెల్డర్ ట్రేడు చదివాను. ఎలక్ట్రీషియన్ సీటు రాలేదు కాబట్టి చేరాను గానీ, చేరాక ఇష్టపడ్డాను. మా బ్యాచిలో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఏడాది అప్రెంటిస్ కోసం గరివిడి దాటాక రోడ్డు పక్కనున్న ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు పంపారు. గేట్లు, గ్రిల్లులు, వాటర్ ట్యాంకు స్టాండ్లు, రేకుల షెడ్లకు వేసే ఇనుప కమానులు అక్కడ తయారవుతాయి. గరివిడిలో ఇద్దరు కుట్టుపని అమ్మాయిలతో కలిసి ఒక గదిలో ఉండేదాన్ని. శనివారం పని దిగి రైలెక్కి ఇంటికి వెళ్ళడం, సోమవారం పొద్దున్నే తిరిగి రావడం.

షెడ్డులో పని నేర్పేది సూరి మేస్త్రి. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలు. మొదటి రోజు నన్ను చూసి, పక్కనున్నవాళ్ళతో అన్నాడు:

"ఆడగుంటని పంపినారేటి? వంటకా, పనికా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్లో అలాంటి మాటకు నవ్వేస్తే అయిపోతుందనుకునేదాన్ని.

మూడో వారంలో నన్నొక అతుకు వేయమన్నాడు. రాడ్డును ఇనుముకు తగిలించి, అంటుకోకముందే రవ్వంత పైకెత్తి పట్టుకోవాలి. నల్లద్దంలోంచి చూస్తే కరిగిన ఇనుము చిన్న మడుగులా కనిపిస్తుంది. చెయ్యి వణక్కుండా ఆ మడుగును లాక్కుంటూ పోవాలి. నేను లాక్కుంటూ పోయాను. చల్లారాక పైన పొక్కు కొట్టేస్తే కింద అతుకు వరసగా, సన్నటి అలల్లా వచ్చింది. మేస్త్రి సుత్తి తీసుకుని దాని మీద నాలుగు దెబ్బలు కొట్టాడు. విరగలేదు. "ఊఁ" అన్నాడు. ఆ ఒక్క ఊఁ కోసం తర్వాత నేను చేసిన పనులన్నీ చేశాను. ఇది సాకుగా చెప్పడం లేదు. అలా జరిగిందని చెబుతున్నాను.

అతుకులు వేయడం నాకు రోజులో ఓ గంట దొరికేది. మిగతా రోజంతా ముక్కలు పట్టుకోవడమే. వెల్డర్ రెండు ముక్కల్ని చుక్కచుక్కగా అంటించేటప్పుడు అవి కదలకుండా ఒకరు పట్టుకోవాలి. నల్లద్దం షీల్డు వెల్డర్ చేతిలో ఉంటుంది. పట్టుకునేవాళ్ళకు ఏమీ ఉండదు. కళ్ళు మూసుకుని మొహం పక్కకు తిప్పుకోవాలి, అంతే. నేను కుడి వైపుకు తిప్పేదాన్ని. అందుకని ఎడమ కన్ను ఎప్పుడూ మంటకు దగ్గరగా ఉండేది. మూసిన రెప్పలోంచి కూడా ఎర్రటి వెలుగు కనిపించేది.

మొదటిసారి వెలుగు దెబ్బ తగిలిన సాయంత్రం గదికి వచ్చి అన్నం కలుపుకున్నానో లేదో, కళ్ళలో ఇసుక పోసి రుద్దినట్టయింది. కన్నీళ్ళు ఆగలేదు. మర్నాడు కళ్ళు సగం మూసుకునే పనికి వెళ్ళాను. మేస్త్రి నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూశాడు. చొక్కా జేబులోంచి చిన్న సీసా తీశాడు.

"ఏడిస్తే ఇంటికెల్లిపో. నిలబడతానంటే ఇది ఏసుకో."

రెండు చుక్కలు వేశాడు. ఒక్క నిమిషంలో నొప్పి పోయింది. తగ్గడం కాదు, అసలు కన్నే లేనట్టు పోయింది. కంటి ఆపరేషన్లప్పుడు మొద్దుబారడానికి వేసే మందు అదని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం మేస్త్రి కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఆగస్టు

వానాకాలం మొదలయ్యాక ఒక పెద్ద పని వచ్చింది. స్కూలు వరండాకు రేకుల షెడ్డు. కమానులన్నీ నెలాఖరుకు లేవాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా పట్టుకోవడమే పని. వారానికి మూడుసార్లు, నాలుగుసార్లు కళ్ళకు దెబ్బ తగిలేది. మేస్త్రి సీసా అడగడం సిగ్గనిపించి నేనే ఒకటి కొనుక్కున్నాను. మందుల షాపులో డాక్టరు చీటీ అడగకుండా ఇచ్చారు.

రెండోసారి వెళ్ళినప్పుడు కౌంటర్లో ఒకావిడ ఉంది. సీసా తీసి నా చేతికివ్వబోయి ఆగింది.

"ఎవరికమ్మా ఇది? రోజూ ఏస్తన్నావేటి?"

"అప్పుడప్పుడండి."

"అప్పుడప్పుడు కూడా ఎయ్యకూడదు. దీంతో కన్ను కరిగిపోద్ది. డాక్టరుకి సూపించుకో. నానివ్వను."

ఇవ్వలేదు. ఆ నెలంతటిలో నా మంచి కోరి మాట్లాడిన ఒకే ఒక్క బయటి మనిషి ఆవిడ. నాకు మాత్రం మొహం మీద కొట్టినట్టనిపించింది. నాలుగడుగులేసి ఇంకో షాపులో కొనుక్కున్నాను. నాకేమీ తెలియదని ఎవరైనా అంటే, ఈ సంగతి గుర్తు చేయండి. నాకు ఎవరూ చెప్పలేదనడానికి లేదు.

నెలాఖరుకు గంటగంటకూ వేసుకుంటున్నాను. మందు దిగిపోగానే నొప్పి ముందుకంటే ఎక్కువగా వచ్చేది. కుడి కన్ను కొంచెం ఎర్రబడి ఊరుకుంది. ఎడమ కన్నులో చూపు మసకబారింది. మేస్త్రి ఒకసారి గమనించి, "కన్ను అలగైపోనాదేటే?" అన్నాడు. దుమ్ము పడిందన్నాను. ఆయన నన్నోసారి చూశాడు, కమాను వైపు చూశాడు. "పట్టు" అన్నాడు. పట్టుకున్నాను.

ఆ శనివారం ఇంటికి వెళ్ళేసరికి వదిన గుమ్మంలో కూర్చుని పిల్లకు పాలిస్తోంది. నన్ను చూడగానే పిల్లను చంక మార్చుకుని లేచింది.

"ఓలమ్మా, ఏటే ఆ కన్ను! ఇలగ రా, ఎలుగులోకి రా."

అమ్మ కూడా వచ్చి చూసింది. "వెల్డింగు తగిలుంటాది. మా అన్నకీ ఇలగే తగిలేది. సనుబాలు పోస్తే సల్లబడతాది," అంది. ఈ మాట అన్నది అమ్మ. ఇది అందరూ మరిచిపోయారు, అమ్మతో సహా. వదిన ఉగ్గుగిన్నెలో పాలు పిండింది. నన్ను తన ఒళ్ళో పడుకోబెట్టుకుని, దూదితో చుక్కచుక్కగా ఎడమ కంట్లో పిండింది. పోస్తూ ఊదుతూ, "అయిపోనాది, అయిపోనాది," అంటూ పిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఆదివారం కూడా రెండుసార్లు పోసింది. మధ్యలో నేను పెరట్లోకి వెళ్ళి నా సీసా చుక్కలు వేసుకుంటూనే ఉన్నాను. కాసేపు మంట తగ్గినప్పుడల్లా వదిన మొహం వెలిగిపోయేది. తన పాల వల్లే తగ్గిందనుకునేది.

సోమవారం పొద్దున లేచేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనబడింది. అద్దంలో నేనే చూసుకున్నాను. ఎడమ కన్ను ఒకటే తెరిస్తే దీపం ఎక్కడుందో తెలిసింది గానీ, ఎవరి మొహమూ తెలియలేదు.

సెప్టెంబరు

శ్రీకాకుళంలో కంటి డాక్టరు చూసే గది బయట రెండు గంటలు కూర్చున్నాం. అమ్మ, అన్న, నేను. బల్లల మీద నాలాగే కంటికి చెయ్యడ్డం పెట్టుకున్నవాళ్ళు.  ఒక్కొక్కరిని పిలుస్తుంటే మిగిలినవాళ్ళు రవ్వంత ముందుకు జరిగేవాళ్ళు.

డాక్టరు కుర్రవాడు. లైటు వేసి చూసి, కుర్చీ వెనక్కి జరిపాడు.

"కంట్లో ఏం వేశారు?"

అమ్మ చెప్పింది. "పాలు పోసినామండి. కోడలి పాలు."

ఆయన గొంతు లేచింది. గది తలుపు తెరిచే ఉంది, బయట బల్లల మీదివాళ్ళందరూ విన్నారు. "చనుబాలు కంట్లో పోస్తారా? ఈ రోజుల్లో కూడానా? కన్నంటే ఏమనుకుంటున్నారు?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి మామూలు గొంతుతో అడిగాడు. "ఇంకేమైనా వేశావా? చుక్కలు, ఆకుపసరు, ఏదైనా?"

నా సంచి నా ఒళ్ళోనే ఉంది. సీసా అందులోనే ఉంది. నా వేళ్ళకు తగులుతోంది.

"లేదండి," అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. చెబితే మేస్త్రి పేరు బయటికి వస్తుందని, అప్రెంటిస్ సర్టిఫికెట్ మీద ఆయన సంతకం పెట్టడని అనుకున్నాను. అది సగం. మిగతా సగం, సీసా లాక్కుంటారని భయం. అది లేకుండా ఒక్క గంట కూడా ఉండలేనని నాకు తెలుసు. ఆ గదిలో నన్ను ఎవరూ నొక్కి అడగలేదు. తప్పు మోయడానికి ఒక మనిషి అప్పటికే దొరికింది.

విశాఖపట్నంలో పెద్ద కంటి ఆసుపత్రికి రాశారు. అక్కడ చేర్చుకున్నారు. గంటకోసారి మందు చుక్కలు. నర్సు వచ్చి వేసి వెళ్ళేది. ఆమె వెళ్ళాక నేను బాత్రూములోకి వెళ్ళి నావి వేసుకునేదాన్ని. పుండు మానడం లేదని డాక్టర్లు మందులు మార్చారు. పరీక్షలకు పంపారు. పరీక్షల్లో క్రిములేవీ కనబడడం లేదని, ఎందుకు మానడం లేదో అర్థం కావడం లేదని వాళ్ళలో వాళ్ళు అనుకునేవాళ్ళు. నేను మంచం మీద పడుకుని వింటూ ఉండేదాన్ని.

రెండో వారంలో వదిన వచ్చింది. ఒక్కతే, పిల్లనెత్తుకుని, టిఫిను కారియరు పట్టుకుని, భావనపాడు నుంచి బస్సులు మారి. భావనపాడు నుంచి అని ఎందుకంటున్నానంటే, అప్పటికే అన్న ఆమెను పుట్టింటికి పంపేశాడు. పంపే ముందు చెయ్యి చేసుకున్నాడు. ఆ సంగతి అమ్మే నాకు చెప్పింది, ఏదో న్యాయం జరిగినట్టు.

నా మంచం తలుపు పక్కనే ఉండేది. వరండాలో మాటలు వినబడ్డాయి.

"అత్తా, ఒక్కపాలి సూసి ఎల్లిపోతాను. సేపల పులుసు తెచ్చినాను, దానికిష్టం."

"నీ సేతి కూడెవలు తింతారే? నీ పాలే ఇసం. నా కూతురి కన్ను తినీసినావు. ఇంకేటి కావాల? రెండోది కూడా కావాలేటి?"

"అత్తా, నువ్వే కదేటి పొయ్యమన్నావు..."

"నోరు ముయ్యి!"

పిల్ల ఏడ్చింది. టిఫిను మూత నేల మీద పడి దొర్లిన చప్పుడు. ఎవరో ఆయా, "గొడవ సెయ్యకండమ్మా, ఇది ఆసుపత్రి," అంది. వదిన గట్టిగా, నాకు వినబడాలని అంది: "సువార్తా! తగ్గిపోతాదే. భయపడకు."

నేను గోడ వైపుకు తిరిగి పడుకున్నాను. నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. అనలేదు. కాసేపటికి లేచి బాత్రూముకి వెళ్ళాను. ఎందుకో చెప్పక్కర్లేదు.

అక్టోబరు

పక్క మంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు. వరి నూరుస్తుంటే కంట్లో ఊక పడి పుండయింది. ఆయన భార్య పార్వతమ్మ ఆయన్ని చూసుకునేది. అమ్మ ఊరెళ్ళిన రోజుల్లో నా పనులు కూడా ఆవిడే చేసేది. తల దువ్వేది, టీ తెచ్చేది, నా బట్టలు ఉతికి ఆరేసేది. నేను అడగలేదు, ఆవిడా అడగలేదు.

ఒక మధ్యాహ్నం బాత్రూము గడియ సరిగ్గా పడలేదు. ఆవిడ తలుపు తోసేసరికి నేను తల వెనక్కి వాల్చి చుక్కలు వేసుకుంటున్నాను.

"ఏటే అది?"

"మందు."

"మందు నర్సమ్మ ఏస్తాది కదేటి. ఇది నువ్వు దాసుకున్నది."

చేతులు పట్టుకున్నాను. ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను, ఏడ్చాను. ఆవిడ చేతులు విడిపించుకుని వెళ్ళింది. ఒక రోజు ఊరుకుంది. మర్నాడు పొద్దున నర్సును పిలిచి, నా దిండు ఎత్తి చూపించింది.

"నన్ను తిట్టుకుంటే తిట్టుకో పిల్లా. మా ఆయనకి ఒక కన్నెల్లిపోనాది. ఇంకొకలికి పోతంటే సూస్తా కూకోలేను."

తిట్టుకున్నాను. నాకు తెలిసిన బూతులన్నీ లోపల తిట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఆవిడ తెచ్చిన టీ తాగలేదు. వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు కూడా పలకరించలేదు. వాళ్ళ ఊరి పేరు కూడా అడిగి ఉంచుకోలేదు.

పెద్ద డాక్టరమ్మ వచ్చింది. సీసా మీద పేరు చదివింది. అరవలేదు. నా మంచం అంచున కూర్చుని, ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నావని, రోజుకు ఎన్నిసార్లని అడిగింది. అన్నీ చెప్పాను. చివర నేను అడిగాను.

"పాల వల్ల కాదా అండి?"

"పాలు పోయకూడదు. పోస్తే చీము పట్టే ప్రమాదం ఉంది. కానీ నీకు పట్టలేదు. పరీక్షల్లో ఏమీ రాలేదు. నీ కన్ను పోయింది దీని వల్ల. ఇది వేస్తున్నంత కాలం పుండు మానదు. మొదటి రోజే చెప్పి ఉంటే..." అని ఆగి, "ఇక ఆ మాట ఎందుకులే," అంది.

కన్ను 'పోతుంది' అనలేదు, 'పోయింది' అంది. అలా తెలిసింది నాకు.

"మా అమ్మకు చెప్పకండి," అన్నాను.

ఆమె సీసాను కోటు జేబులో వేసుకుంది. "నేను కాగితం మీద రాస్తాను. చెప్పడం నీ పని," అని లేచింది.

చుక్కలు ఆపేశాక మూడు రోజులు ఎలా గడిచాయో రాయలేను. గుడ్డులో మేకు దించి తిప్పుతున్నట్టుండేది. మంచం ఇనుప రాడ్డును పట్టుకుని పళ్ళు కొరుక్కునేదాన్ని. నాలుగో రోజు నల్లగుడ్డుకు చిల్లు పడింది. ఆపరేషన్ చేసి గుడ్డును నిలబెట్టారు. చూపును నిలబెట్టలేకపోయారు. ఇప్పుడు నా ఎడమ కన్ను తెల్లగా ఉంటుంది, గవ్వలా.

మీ షెడ్డులో ఎవరి జేబులోనైనా ఆ సీసా ఉంటే, ముట్టుకోకండి. కంటికి దెబ్బ తగిలితే రెండు రోజులు చీకటి గదిలో పడుకోండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి, పని పోతే పోనివ్వండి. ముక్క పట్టుకునేవాళ్ళకు కూడా నల్లద్దం కావాలని అడగండి. నవ్వుతారు. అడగండి.

డిసెంబరు

నల్లకళ్ళద్దాలతో ఇంటికి వచ్చాను. ఇంట్లో ఊయల లేదు. చిన్నబట్టలు ఆరేసే తాడు ఖాళీగా ఉంది. అన్న ఇంటికి ఆలస్యంగా వచ్చేవాడు, వచ్చినా మాట్లాడేవాడు కాదు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ అమ్మ పాల కథే చెప్పేది. చెప్పిన ప్రతిసారీ అందులో వదిన పాపం పెరిగేది. కొన్నాళ్ళకు కళ్ళు పోవాలనే పోసిందన్నట్టు తయారైంది. నేను పక్క గదిలో వినేదాన్ని.

క్రిస్మస్ ముందు సూరి మేస్త్రి వచ్చాడు, బత్తాయిలు తీసుకుని. అమ్మ కుర్చీ వేసింది. ఆయన నా కంటి వైపు చూడలేదు.

"పాలు పోసినారంట కదా. తప్పు సేసినారమ్మా," అన్నాడు అమ్మతో, తల ఆడిస్తూ.

తర్వాత జేబులోంచి కాగితం తీశాడు. పనిలో నాకు ఏ దెబ్బా తగల్లేదని, కన్ను ఇంట్లో చేసుకున్న నాటువైద్యం వల్ల పోయిందని రాసి ఉంది. నేను చదివి తలెత్తేసరికి ఆయన మొదటిసారి నా మొహం చూశాడు. సీసా సంగతి నాకు తెలుసని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు.

"సంతకం పెట్టీసినావంటే నీ సర్టిఫికెట్టు నేను దగ్గరుండి ఇప్పిస్తాను. అతుకు బాగా ఏస్తావు నువ్వు. అది రాయిస్తాను."

మే నెలలో ఈ మాట కోసం ప్రాణం పెట్టేదాన్ని. సంతకం పెట్టాను. చేతిరాత వంకరగా వచ్చింది, ఒంటికన్నుతో గీత ఎక్కడుందో సరిగ్గా తెలియలేదు. అలా వదిన మీది నేరం కాగితం మీదికి కూడా ఎక్కింది, నా సంతకంతో.

ఫిబ్రవరి

అన్న, వదిన విడిపోయే విషయం తేల్చడానికి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు చర్చిలోనే కూర్చున్నారు. వదిన వాళ్ళ నాన్నతో వచ్చింది. పది నెలల పిల్ల ఆమె భుజం మీద నిద్రపోతోంది. వదిన సగానికి సగం తగ్గిపోయింది. నన్ను చూసి, కళ్ళద్దాలు లేని నా కన్ను చూసి, చూపు తిప్పుకుంది. కన్ను తెల్లబడ్డాక ఆమె దాన్ని చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అమ్మ మాట్లాడింది. అన్న తల దించుకుని, "అమ్మ సెప్పినట్టే," అన్నాడు. పాస్టరు గారు వదినను అడిగారు. "నువ్వేమైనా చెప్తావా అమ్మా?"

"సెప్పీకేటున్నాది బాబూ. పోసినాను. దానికి సల్లబడతాదని పోసినాను. దాని కన్ను పోనాది. ఏటి సేస్తారో సెయ్యండి."

అప్పుడు లేచాను.  సీసా సంగతంతా చెప్పాను. మేస్త్రి ఇచ్చింది, నేను కొనుక్కున్నది, షాపావిడ వద్దన్నది, ఆసుపత్రిలో దాచింది, డాక్టరమ్మ చెప్పింది. పాల వల్ల కాదని చెప్పాను.

 అమ్మ ఏడుపందుకుంది. "నా తల్లే! దాని కాపురం నిలబెట్టాలని తన మీద ఏసుకుంతంది సూడండి!" పెద్దలలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. పాస్టరు గారు నా తల మీద చెయ్యి వేసి, కన్ను పోగొట్టుకుని కూడా క్షమించగలిగిన బిడ్డను మన సంఘానికి దేవుడిచ్చాడని ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ లేచి నిలబడ్డారు.

నిజమండి, నిజమండి అని రెండుసార్లు అన్నాను. ఆమెన్ అన్నారు.

అంతమందిలో నమ్మింది వదిన ఒక్కతే. ప్రార్థన జరుగుతుండగానే నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నిజమేటే?"

"నిజం వదినా."

"వరండాలో మీయమ్మ నన్ను తిడతన్నప్పుడు నీకు తెలుసేటి?"

"తెలుసు."

"మెలకువగానే ఉన్నావేటి?"

"ఉన్నాను."

ఆమె చెయ్యి లేస్తుందనుకున్నాను. లేచి ఉంటే బాగుండేది. పిల్లను భుజం మార్చుకుని, వాళ్ళ నాన్నతో "పద అయ్యా," అని బయటికి వెళ్ళిపోయింది. నా క్షమాగుణం చూసి కరిగిపోయి అన్న ఆమెను తిరిగి తెచ్చుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆమె రాలేదు.

మార్చి

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం పట్టుకుని భావనపాడు వెళ్ళాను. వదిన ఇంటి ముందు ఎండు చేపలు తిరగేస్తోంది. పిల్ల గడప దగ్గర కూర్చుని పాలసీసా నోట్లో పెట్టుకుని ఉంది. నేను నల్లకళ్ళద్దాలు తీసి కాగితం చాపాను. వదిన చూడలేదు.

"నాకెందుకది? నాకు సదువు రాదు. నువ్వు సెప్పినాది నాను నమ్మినాను కదేటి."

"తప్పయిపోయింది వదినా. ఏం చేయమంటే అది చేస్తాను."

ఆమె చేపలు తిరగేస్తూనే మాట్లాడింది. గొంతులో కోపం లేదు. చేపల ధర చెబుతున్నట్టు చెప్పింది.

"మా ఈదిలో ఎవలూ తమ గుంటల్ని నా సేతికివ్వరు. నానెదురొస్తే సంకలో బిడ్డ మీద కొంగు కప్పుకుంతారు. సరే, ఆళ్ళు పైవోళ్ళు. కానీ సువార్తా, మీయమ్మ నా పాలు ఇసమన్నాది కదా. నానూ అలగే అనుకున్నాను. నీ కన్ను తిన్న పాలు దాని కడుపులోకి పోతే ఏటవుతాదోనని భయమేసినాది. అయిదో నెలకే మానిపించీసినాను. నా రొమ్ము కోసం ఏడిసీది. రాయిలా గట్టిపడిపోయి, నొప్పికి నాను ఏడిసీదాన్ని. పిండి ఇసకలో పారబోసినాను. మరి రాలేదు పాలు."

పిల్ల సీసా కింద పడేసి నన్ను చూసింది. సన్నటి చేతులు. నా కన్ను చూసి జడిసి, వదిన వెనక్కి పాకింది.

నేను కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాను.  వదిన చేతులు దులుపుకుని లేచింది, పిల్లను చంకనెత్తుకుంది.

"ఆ కాగితం నాకు సదవకు. మా ఈదోళ్ళకి సదువు. ఇంటింటికీ ఎల్లి సదువు. కన్ను కూడా సూపించు."

వీధి చివర ఇంటి నుంచి మొదలుపెట్టాం. నల్లకళ్ళద్దాలు తీసి, కాగితం చదివి, పాల వల్ల కాదు, నేను అబద్ధం చెప్పాను అని ప్రతి గుమ్మంలోనూ చెప్పాను. కొందరు వింటూ నోళ్ళు నొక్కుకున్నారు. ఒకామె నా మొహం మీదే తలుపు వేసింది. ఒక ముసలామె, "ఇన్నాల్లెందుకు సెప్పలేదే, నీ నోట్లో ఏటి పెట్టుకున్నావు?" అని నిలదీసింది. ఎనిమిదో ఇంటికో తొమ్మిదో ఇంటికో నా గొంతు పోయింది. అరుగు మీద కూలబడి, కాసిని మంచినీళ్ళు ఇమ్మని అడిగాను.

వదిన ఎండలో నిలబడి ఉంది, పిల్ల చంకలో. నీళ్ళు తేలేదు.

"ఇంకా శానా ఇళ్ళున్నాయి," అంది. "లెగు."